పదకొండో నంబరు

సాల్టర్స్ లేన్‌లో ఇళ్లను నేను
తలుపుల్ని బట్టి గుర్తుపట్టను.
తలుపులు మారతాయి, రంగులు మారతాయి.
నా వేళ్లకు తెలిసింది ఉత్తరాల కన్నాలే,
ముప్పై ఒక్కేళ్లు పొద్దున్నే
వాటిల్లో చెయ్యి పెట్టినదాన్ని.

మూడో నంబరుది కరిచేది. స్ప్రింగు అంత గట్టిది,
ఇప్పటికీ మధ్యవేలి మీద తెల్లటి గీత ఉంది.
అయిదోది నేలకు జానెడెత్తున,
వంగినప్పుడల్లా లోపల్నించి
ఓ ముసలి కుక్క ఊపిరి మణికట్టుకు తగిలేది.

ఏడు రొట్టెల కొట్టు.
ఆంబ్రోస్ టకెట్ రాత్రి రెండింటికి పొయ్యి రాజేస్తే
పక్కింటి గోడ తెల్లారేదాకా వెచ్చగా ఉండేది.
ఆ తొమ్మిదో నంబరు మిసెస్ లాంబోర్న్
చలికాలమంతా మంచం గోడకానించి పడుకునేది,
ఆమె బొగ్గు కొనగా ఎవరూ చూడలేదని
ఊరంతా చెప్పుకునేవాళ్లు.
ఆంబ్రోస్ పోయాడు, పొయ్యి ఆరింది.
ఆమె మంచం మాత్రం అక్కణ్ణించి జరపలేదు.
ఇప్పుడది ఎవరో పళ్ల డాక్టరుగారి
శని ఆదివారాల ఇల్లు.
పొయ్యి నోట్లో వైన్ సీసాలు పడుకుని ఉన్నాయి.
చల్లగా ఉండాలట వాటికి.

ఎదుటి వరుసలో కమ్మరి కొలిమి.
ముందు పెట్రోలు బంకు అయింది,
తర్వాత పాత కుర్చీల అంగడి,
తర్వాత చాలాకాలం ఏమీ కాకుండా ఉండిపోయింది,
నాకు అప్పుడే నచ్చింది.

ప్రార్థన మందిరాన్ని ఓ జంట కొనుక్కుంది.
పాస్టరు నిలబడే చోట స్నానాల తొట్టి పెట్టారని
కుళాయిలు బిగించిన కుర్రాడు చెప్పాడు.
మా నాన్న అక్కడే నిలబడి
ఇక తాగనని ప్రమాణం చేశాడు.
రెండుసార్లు.

మొన్న ఆ చివరింట్లో కొత్తగా దిగిన అమ్మాయి
టీకి పిలిచి, వంటింటి దూలం చూపించింది.
వరసగా ఆరు ఇనుప కొక్కేలు,
ఒకదానికి పసిపిల్ల ఉయ్యాల.
"ఇవి దేనికై ఉంటాయండీ?"
వాటికి సగం పందులు తలకిందులుగా వేలాడేవనీ,
కింద రంపపు పొట్టు ఎర్రగా తడిసి ఉండేదనీ
నాలిక చివరిదాకా వచ్చింది.
పిల్ల నన్ను చూసి నవ్వింది.
లాంతర్లకమ్మా, అన్నాను.

తొమ్మిది తర్వాత మా వీధిలో పదమూడు వస్తుంది.
పైనించి వచ్చినవాళ్లు నవ్వుతారు,
భయపడితే పదమూడుకి కదా భయపడాలి అని.
లారీలు మలుపు తిరగడం లేదని
కౌన్సిలు వాళ్లు పదకొండుని కూల్చేశారు.
రెండు రోజుల పని.
మేడమీది గది గోడకాగితం, నీలం పిట్టలది,
వారం రోజులు వానలో అందరికీ కనబడుతూ వేలాడింది.
ఆలివ్ గ్యాస్కిన్ ఎటు వెళ్లిందో
ఎవరికీ చెప్పి వెళ్లలేదు.

ఎనిమిది నెలలకు ఆమె పేర ఉత్తరం వచ్చింది.
మాల్టా స్టాంపు, మగచేతి రాత,
లోపల ఏదో గట్టిగా, గుండ్రంగా,
బొత్తామో, ఉంగరమో.
సంచీ భుజాన వేసుకుని అక్కడికి వెళ్లి నిలబడ్డాను.
పదకొండుది నడుమెత్తున ఉండేది,
ఇత్తడిది, ఎప్పుడూ తళతళలాడేది.
ఆ ఎత్తులో గాలిలోకి చెయ్యి చాపాను.
ఎంతసేపో తెలియదు, ఓ లారీ హారను కొట్టింది.
రూలు ప్రకారం పెన్సిలుతో రాశాను:
"ఇలాంటి ఇల్లు లేదు."

ఇప్పుడక్కడ స్కూలు బస్సు ఆగుతుంది.
గడపరాయి ఒక్కటీ మిగిలింది, మధ్యలో అరిగి,
చిన్నపిల్ల కూర్చోవడానికి సరిగ్గా సరిపోయేంత.
చేతికర్ర పట్టుకుని ఆ పక్కగా పోతుంటే
ఖాళీగా ఉన్న రెండో చెయ్యి
నేను చెప్పకుండానే కొంచెం లేస్తుంది.
పిల్లలు పలకరించాననుకుని
వాళ్లూ చేతులూపుతారు.